యంత్రానికీ ఖాతాదారుకూ నడుమ: కస్టమర్ ఇంజనీరు కథ

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తి అయినది. ఆ ఆనకట్ట మాట వచ్చినప్పుడు సర్ ఆర్థర్ కాటన్ పేరు తలచని వారు డెల్టాలో ఉండరు. అనేక గ్రామాలలో ఆయన విగ్రహాలు ఉన్నవి. కాని కాటన్ దొర కాగితం మీద గీసిన గీతకూ, ఏటిలో రాయి మోసిన కూలివానికీ నడుమ మరొక మనిషి నిలబడవలసి వచ్చినది. దొరకు తెలిసిన లెక్క కూలికి తెలియదు. కూలి ఎరిగిన ఏటి స్వభావం, ఊరి మర్యాద దొరకు తెలియవు. ఈ రెండు పక్షాల మాటా తెలిసి, పనివారిని సమకూర్చి, వారిచేత పని సాగించిన వారిలో ముఖ్యుడు వీణెం వీరన్న. ఆయన పేరు పాఠ్యపుస్తకాలలో ఒక్క వాక్యంతో సరిపెట్టబడుతున్నది. అది న్యాయం కాదు.

ఆనకట్ట కట్టిన తరువాత కూడా నీరు తనంత తాను చేలోకి రాలేదు. కాలువలు తవ్వవలసి వచ్చినది. లాకులు, తూములు కట్టవలసి వచ్చినది. ఏ తలుపు ఎప్పుడు ఎంత ఎత్తవలెనో తెలిసిన లస్కరు లాకు దగ్గర కావలి ఉండవలసి వచ్చినది. శివారు పొలం రైతు వచ్చి నీరు అందలేదని మొర పెట్టుకొంటే, తప్పు కాలువలో ఉన్నదా, తూములో ఉన్నదా, రైతు తీసుకొన్న బోదెలో ఉన్నదా చూసి చెప్పగలిగిన ఓవర్సీరు కావలసి వచ్చినాడు. గొప్ప యంత్రం ఒకటి నిర్మించడం వేరు, అది ఎవరికొరకు నిర్మింపబడినదో వారికి పనికివచ్చేటట్లు చేయడం వేరు. ఈ రెండవ పని చేసేవారికి చరిత్రలో స్థలం తక్కువ.

గణనయంత్రాల చరిత్రలో సరిగా ఇదే స్థానంలో నిలిచిన ఉద్యోగి ఒకడు ఉన్నాడు. అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ అతనికి ‘కస్టమర్ ఇంజనీరు’ అని పేరు పెట్టినది. అనగా ఖాతాదారు దగ్గరకు వెళ్లి పనిచేసే ఇంజనీరు. నేడు క్వాంటం గణనయంత్రాల కాలంలో ఆ ఉద్యోగమే కొత్త వేషంతో మళ్లీ వచ్చినది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతిలో క్వాంటం వ్యాలీని తలపెట్టిన తరువాత ఈ ఉద్యోగం తెలుగు విద్యార్థులకు దూరపు మాట కాలేదు. కనుక దాని పూర్వకథ కొంత తెలిసికోవడం అవసరం.

మన దేశానికి గణనయంత్రాలు వచ్చిన తొలి రోజులలో ఖాతాదారు వేరు, ఇంజనీరు వేరు కాదు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు 1955లో ఇంగ్లండు నుండి హెచ్.ఇ.సి.-2ఎం అనే యంత్రాన్ని తెప్పించుకొన్నారు. దానిని పెట్టెలలోనుండి తీసి, అమర్చి, నడిపినవారు ఆ సంస్థ వారే. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చిలో 1960 నాటికి పూర్తిగా పనిలోకి వచ్చిన టిఫ్రాక్ అక్కడి శాస్త్రజ్ఞులే కట్టుకొన్నది. చెడిపోతే కట్టిన చేతులే బాగు చేసేవి. ప్రశ్న అడిగేవాడు, యంత్రం నడిపేవాడు, మరమ్మతు చేసేవాడు ఒకే గదిలో ఉండేవారు. ఒక విధంగా అది సుఖమే.

ఈ సందర్భంలో డెల్టా బిడ్డ ఒకరిని తలచుకొనవలె. అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం ప్రాంతంలోని మోగల్లు గ్రామంలో జన్మించినారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. చదివి, అక్కడనే కొంతకాలం అధ్యాపకులుగా ఉండి, తరువాత టాటా విద్యార్థి వేతనం మీద అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి ఇంజనీరింగు అభ్యసించినారు. తిరిగి వచ్చిన తరువాత హోమీ భాభా ఆధ్వర్యంలోని అణుశక్తి కార్యక్రమంలో చేరినారు. 1956 ఆగస్టు 4న అప్సర రియాక్టరు పనిచేయనారంభించినది. దాని నియంత్రణకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను స్వదేశంలోనే తయారుచేసిన బృందానికి నాయకులు ఈ సాంబశివరావుగారే. అటువంటి పరికరాలను విదేశాల నుండి కొనవచ్చునుగదా అని అనుకొనే రోజులవి. కొన్న పరికరం చెడిపోయిన రోజున దానిని చేసినవాని కొరకు ఎదురుచూడవలె, రియాక్టరు మాత్రం ఎదురుచూడదు. ఆ కాలపు అణుశక్తి ఇంజనీర్ల ఆలోచన ఇట్లా సాగినది.

1963లో భారత ప్రభుత్వం దేశంలో ఎలక్ట్రానిక్సు భవిష్యత్తును పరిశీలించడానికి భాభా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించినది. అందులో భాభా కాక ముగ్గురు సభ్యులు: విక్రం సారాభాయి, సూరి భగవంతం, సాంబశివరావు. నలుగురిలో ఇద్దరు తెలుగువారు కావడం గమనింపదగినది. భగవంతంగారిది కృష్ణా జిల్లా. ఆయన సంగతి మళ్లీ వస్తుంది. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడినది. సాంబశివరావుగారు దానికి మొదటి మేనేజింగ్ డైరెక్టరు. 1969లో ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 అనే చిన్న గణనయంత్రాన్ని ఈ సంస్థ తయారుచేయడం మొదలుపెట్టినది. పన్నెండు బిట్ల పదాలతో పనిచేసే యంత్రమది. తరువాత టి.డి.సి.-312, 1975 ప్రాంతంలో పదహారు బిట్ల టి.డి.సి.-316 వచ్చినవి.

ఇక్కడ ఒక మార్పు జరిగినది. పరిశోధనాలయంలో తనకొరకు తాను కట్టుకొన్న యంత్రం వేరు. కర్మాగారంలో తయారై, లారీ ఎక్కి, మరొక ఊరి విశ్వవిద్యాలయానికి పోయే యంత్రం వేరు. కొన్నవారికి దాని లోపలి సంగతి తెలియదు, తెలిసికొనవలసిన పనీ లేదు. వారికి కావలసినది జవాబు. యంత్రంతో బాటు ఒక మనిషిని కూడా పంపవలసిన అవసరం అట్లా ఏర్పడినది. ఆ మనిషి పెట్టెలో పెట్టి పంపదగినవాడు కాదు. తయారు కావడానికి యంత్రం కంటె ఎక్కువ కాలం తీసుకొనేవాడు.

ఆ మనిషిని తయారుచేయడంలో ఐ.బి.ఎం. సంస్థది అందె వేసిన చేయి. ఈ సంస్థ 1951లో మన దేశంలో అడుగుపెట్టినది. మొదట చిల్లుల కార్డులను లెక్కించే యంత్రాలు, 1960 తరువాత 1401 రకపు గణనయంత్రాలు ఇక్కడి కచేరీలకు ఇచ్చినది. ఇచ్చినది అనడమే గాని అమ్మినది అనడానికి వీలులేదు. చాలావరకు అద్దెకే. ఒక్కొక్క కార్డుకు 80 నిలువు వరుసలు. నిమిషానికి 800 కార్డులు చదివే యంత్రం, నిమిషానికి 600 పంక్తులు అచ్చువేసే మరొక యంత్రం. ఇంత వేగంతో కదిలే ఇనుప సామాను ఎప్పుడో ఒకప్పుడు ఎక్కడో ఒకచోట పట్టుకొనకపోదు. కార్డు నలిగి ఇరుక్కొన్నా, జీతాల పట్టీ సగంలో ఆగిపోయినా, ఫోను చేస్తే తెల్లచొక్కా, టై, చేతిలో పనిముట్ల సంచితో కస్టమర్ ఇంజనీరు వచ్చేవాడు. యంత్రం అద్దెది గనుక అది నడవని గంటలు సంస్థకే నష్టం. కస్టమర్ ఇంజనీరు మర్యాదకు, వేగానికి ఈ అద్దె పద్ధతే మూలం అని చెప్పడం తప్పు కాదు.

అతనితో బాటు మరొక రకపు ఉద్యోగి ఉండేవాడు. అతనిని ‘సిస్టమ్స్ ఇంజనీరు’ అనేవారు. అతని చేతిలో పనిముట్ల సంచి ఉండదు. పెన్సిలు, కాగితం ఉంటవి. ఖాతాదారు కచేరీలో కూర్చుండి, ‘మీరు జీతాలు ఎట్లా లెక్కిస్తున్నారు? సరకు నిలవలు ఏ పుస్తకంలో వ్రాస్తున్నారు?’ అని గుమాస్తాలను అడిగి తెలిసికొని, ఆ పనిని యంత్రం చేయగల మెట్లుగా విడగొట్టడం అతని పని. మొదటివాడు యంత్రపు జబ్బు కుదిర్చే వైద్యుడు. రెండవవాడు ద్విభాషి. అమెరికాలో ఈ రెండవవాని సేవకు చాలాకాలం వేరే వెల ఉండేది కాదు. యంత్రపు అద్దెలోనే అది కలిసి ఉండేది. 1969 జూన్ 23న ఐ.బి.ఎం. సంస్థ ఈ పద్ధతిని మార్చి, ప్రోగ్రాములకూ సిస్టమ్స్ ఇంజనీర్ల సేవకూ వేరువేరుగా వెల కట్టుతామని ప్రకటించినది. నేటి సాఫ్టువేరు పరిశ్రమ చరిత్ర వ్రాసేవారందరూ ఈ తేదీని గుర్తుచేస్తారు. మనిషి తెలివికి యంత్రం వెలతో సంబంధం లేకుండా వేరే వెల ఏర్పడిన రోజు అది.

1973లో విదేశీ మారక నియంత్రణ చట్టం వచ్చినది. విదేశీ సంస్థలు ఇక్కడి శాఖలలో తమ వాటాను 40 శాతానికి తగ్గించుకొనవలెనని ప్రభుత్వం కోరినది. ఐ.బి.ఎం. అంగీకరించలేదు. 1978లో దేశం విడిచిపోయినది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అనే వాదం నేటికీ తెగలేదు. ఆనాటి ఖాతాదారుల బాధ వేరు. రైల్వేలలో, నౌకాశ్రయాలలో, కర్మాగారాలలో యంత్రాలు నడుస్తున్నవి. చేసినవాడు వెళ్లిపోతున్నాడు. రేపు కార్డు ఇరుక్కొంటే ఎవరికి ఫోను చేయవలె?

ఈ ప్రశ్నకు జవాబు మూడేళ్ల ముందే సిద్ధమైనది. 1975 డిసెంబరులో భారత ప్రభుత్వం కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అనే సంస్థను స్థాపించినది. పేరులోనే దాని పని ఉన్నది. 1978లో ఐ.బి.ఎం. వదలిన 800కు పైగా స్థలాలలోని యంత్రాల ఆలనాపాలనా సి.ఎం.సి. చేతికి వచ్చినది. యంత్రాలు ఆగిపోలేదు. అంతేకాదు, ఒక సంస్థ యంత్రాలనే గాక అనేక దేశాల, అనేక రకాల యంత్రాలను బాగుచేయవలసి రావడం వలన ఈ ఇంజనీర్లకు ఏ తయారీదారు దగ్గరా దొరకని విద్య అబ్బినది. మరమ్మతుకొరకు పుట్టిన ఈ సంస్థ కొన్నేళ్లలో హైదరాబాదులో పరిశోధన విభాగం నెలకొల్పినది. 1980 దశకం మధ్యలో ఢిల్లీలో మొదలైన రైల్వే రిజర్వేషను కంప్యూటరు పద్ధతిని రూపొందించినది. ఇంపెడెన్సులు కొలుస్తూ, కార్డులు దులుపుతూ తిరిగినవారే రైలు పెట్టెలలో బెర్తులు పంచే పద్ధతిని ఆలోచించగలిగినారు. ఎందుకనగా, ఖాతాదారుల కచేరీలలో ఏళ్ల తరబడి తిరిగి, పని ఎట్లా జరుగుతుందో వారు కన్నులారా చూచినారు.

ఇక క్వాంటం యంత్రం విషయానికి వద్దాం. ఇందులోనూ ఒక తెలుగువాని అడుగుజాడ కనబడుతుంది. పైన చెప్పిన భగవంతంగారు యువకుడుగా సర్ సి.వి. రామన్ దగ్గర పనిచేసినారు. 1931లో రామన్, భగవంతం కలిసి ఫోటానుకు, అనగా కాంతికణానికి, స్పిన్ అనే గుణం ఉన్నదని ప్రయోగపూర్వకంగా చూపిన వ్యాసాన్ని ప్రకటించినారు. ఫోటాను స్పిన్‌కు రెండే దిశలు: కాంతి ప్రయాణించే దిశకు అనుకూలంగా ఒకటి, ప్రతికూలంగా ఒకటి. రెండే స్థితులు గల ఇటువంటి సూక్ష్మవస్తువునే నేడు క్యూబిట్ అంటున్నారు. గణనయంత్రాలకు దానితో ఏమి పని అని 1931లో అడిగేవారే లేరు.

సాధారణ గణనయంత్రంలో బిట్ సున్న గాని ఒకటి గాని అయి ఉంటుంది. క్యూబిట్ కొలిచే దాకా ఈ రెండింటి మిశ్రమస్థితిలో ఉండగలదు. దీనిని అధ్యారోపణ అంటారు. రెండు క్యూబిట్లకు 4, పదింటికి 1024, ఇట్లా ఎన్ని క్యూబిట్లు ఉంటే రెండును అన్నిసార్లు గుణించినన్ని స్థితుల మిశ్రమం ఏర్పడుతుంది. 156 క్యూబిట్లకు ఈ సంఖ్య 47 అంకెలది. ఇక్కడనే చాలామంది పొరబడతారు. ఇన్ని స్థితులు ఉన్నవి గనుక ఇన్ని లెక్కలు ఒకేసారి జరిగి, అన్ని జవాబులూ వస్తవని అనుకొంటారు. కాని కొలిచినప్పుడు చేతికి వచ్చేది 156 సున్నలు, ఒకట్లు గల ఒకే వరుస. అది కూడా సంభావ్యత ప్రకారం వచ్చేది. కాలువలో రెండు అలలు కలిసి ఒకచోట పెరిగి, మరొకచోట అణగినట్లు, తప్పు జవాబుల అలలు ఒకదానినొకటి అణచుకొని, సరియైన జవాబు అల పైకి లేచేటట్లు చేయగల ఉపాయం ఉంటేనే ఈ యంత్రం లాభిస్తుంది. అటువంటి ఉపాయాలు కొన్నింటికే తెలిసినవి.

1981లో అమెరికాలో ఎం.ఐ.టి., ఐ.బి.ఎం. కలిసి జరిపిన సభలో రిచర్డ్ ఫైన్‌మన్, ప్రకృతిని అనుకరించవలెనంటే గణనయంత్రం కూడా క్వాంటం సూత్రాల మీదనే నడవవలెనని వాదించినాడు. 1994లో పీటర్ షోర్ పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే పద్ధతిని, 1996లో భారతదేశంలో పుట్టి బెల్ పరిశోధనాలయంలో పనిచేస్తున్న లవ్ గ్రోవర్ వెదకే పద్ధతిని కనుగొన్నారు. 2001లో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞులు ఏడు క్యూబిట్లతో 15ను 3, 5 అనే కారణాంకాలుగా విడగొట్టినారు. నాలుగో తరగతి పిల్లవాడు నోటితో చెప్పే లెక్క! అయినా అది గొప్ప విజయమే. ఈ కాలమంతా టిఫ్రాక్ కాలం వంటిది. యంత్రం కట్టినవారే ప్రశ్న అడిగేవారు. ఖాతాదారు లేడు.

మొదటి ఖాతాదారు 2011లో వచ్చినాడు. కెనడాలోని డి-వేవ్ సంస్థ 128 క్యూబిట్ల యంత్రాన్ని విమానాలు తయారుచేసే లాక్‌హీడ్ మార్టిన్ సంస్థకు అమ్మినది. అన్ని లెక్కలూ చేసే యంత్రం కాదది. కనిష్ఠ విలువను వెదకే ఒక జాతి లెక్కలకే పనికివస్తుంది. లాక్‌హీడ్ వారికి కావలసినది తమ విమానాలను నడిపే ప్రోగ్రాములలో తప్పులు పట్టుకొనడం. యంత్రానికి అర్థమయ్యేది క్యూబిట్ల జతల నడుమ ఆకర్షణ, వికర్షణ మాత్రమే. పైగా ఒక్కొక్క క్యూబిట్‌కు ఆరింటికి మించి ఇరుగుపొరుగు లేదు. విమానపు ప్రోగ్రామును ఈ ఇరుగుపొరుగు బొమ్మగా మార్చడం ఎవరి పని? ఖాతాదారుకు క్వాంటం విద్య తెలియదు. భౌతికశాస్త్రజ్ఞునికి విమానం తెలియదు. వీణెం వీరన్న నిలబడిన చోట మళ్లీ ఒకరు నిలబడవలసి వచ్చినది.

ఈ ఉద్యోగానికి నేడు అనేక పేర్లు ఉన్నవి. పేరు ఏదైనా పని ఒకటే. ఒక ఊహించిన ఉదాహరణతో దానిని చూడవచ్చు. భీమవరం చుట్టుపక్కల 20 రొయ్యల చెరువుల నుండి సరకు ఎక్కించుకొని ఒక లారీ శీతలగృహానికి తిరిగి రావలె అనుకొందాం. ఏ చెరువు తరువాత ఏ చెరువుకు పోతే దారి తక్కువ? 20 చెరువులను చుట్టి వచ్చే క్రమాలు సుమారు 24,329 కోట్ల కోట్లు, అనగా 24 పక్కన 17 సున్నలు పెట్టినంత. సెకనుకు 100 కోట్ల క్రమాలు పరిశీలించే యంత్రమైనా అన్నీ చూడడానికి 77 ఏళ్లు పడుతుంది. రొయ్య అంతకాలం ఆగదు. ఈ లెక్క విని శీతలగృహం యజమాని, ‘అయితే మాకు క్వాంటం యంత్రం కావలె’ అనవచ్చు.

మంచి ఇంజనీరు అప్పుడు ఏమి చెప్పవలె? క్రమాలన్నీ ఒక్కొక్కటిగా చూడనక్కరలేదని చెప్పవలె. చిన్న భాగాల జవాబులను దాచుకొని పెద్ద జవాబు కట్టే పద్ధతి 1962 నుండి ఉన్నది. దానితో 20 చెరువుల లెక్క సుమారు 42 కోట్ల మెట్లలో తేలుతుంది. బల్ల మీది కంప్యూటరుకు అది కొద్ది సెకన్ల పని. అమ్మవలసిన సరకు చేతిలో ఉంచుకొని, ‘ఇది మీకు అక్కరలేదు’ అని చెప్పగలగడం ఈ ఉద్యోగంలో అన్నిటికంటె కష్టమైన భాగం. గ్రోవర్ పద్ధతి విషయం కూడా ఇట్లాంటిదే. పది లక్షల పేర్లలో ఒకదానిని వెదకడానికి ఆ పద్ధతికి 785 మెట్లు చాలు. కాని పది లక్షల పేర్లను ముందు క్వాంటం స్థితిలోకి ఎక్కించవలె. ఎక్కించడానికే పది లక్షల మెట్లు పడితే లాభమేమి?

అట్లాగని ఖాతాదారును ఊరికే పంపివేయడం కూడా తగదు. ఎరువుల కర్మాగారం వారు వచ్చి, తక్కువ వేడిలో గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే ఉత్ప్రేరకం సంగతి అడిగితే, అది సరియైన ప్రశ్న. చిక్కుడు జాతి మొక్కల వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు ఈ పనిని మామూలు ఉష్ణోగ్రతలోనే చేస్తున్నవి. వాటిలోని ఇనుము, మాలిబ్డినం గల అణుసముదాయంలో ఎలక్ట్రానుల వ్యవహారాన్ని సాధారణ గణనయంత్రాలు ఖచ్చితంగా లెక్కించడం అతి కష్టం. ఫైన్‌మన్ చెప్పినది ఇటువంటి లెక్క గురించే. అయితే 2021లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం ఆ లెక్కకు సుమారు 40 లక్షల క్యూబిట్లు కావలె. నేటి యంత్రాలలో ఉన్నవి వందలు. ‘ప్రశ్న మంచిదే, కాలం ఇంకా రాలేదు, ఈలోగా ఇంతకంటె చిన్న అణువుతో అభ్యాసం చేద్దాం’ అనేది అక్కడ చెప్పవలసిన మాట.

క్యూబిట్లు ఎన్ని ఉన్నవన్నది ఒక్కటే చాలదు. అవి ఎంత తప్పు చేస్తున్నవన్నది అంతకంటె ముఖ్యం. ఈ చిన్న లెక్కను ఉపాధ్యాయులు తరగతిలో చేయించవచ్చు. రెండు క్యూబిట్లను కలిపే ఒక్కొక్క మెట్టులో వెయ్యింటికి మూడు తప్పులు అనుకొందాం. అనగా ఒక మెట్టు సరిగా జరిగే సంభావ్యత 0.997. అటువంటి 100 మెట్లు వరుసగా సరిగా జరిగే సంభావ్యత సుమారు 0.74. వెయ్యి మెట్లయితే 0.05 మాత్రమే. ఐ.బి.ఎం. హెరాన్ వంటి చిప్పులలో ఒక్కొక్క క్యూబిట్‌కు పొరుగు క్యూబిట్లు మూడింటికి మించి ఉండవు. దూరంగా ఉన్న రెండింటిని కలపవలెనంటే పొరుగువారి చేతుల మీదుగా స్థితిని దాటించవలె. ఒక్కొక్క దాటింపుకు మామూలుగా మూడు మెట్లు ఖర్చు. కాలువలో పడవకు లాకులు అడ్డం వచ్చినట్లు, కాగితం మీద చిన్నదిగా కనబడిన లెక్క యంత్రం మీదికి వచ్చేసరికి పొడవు సాగుతుంది. దానిని మళ్లీ కుదించి వ్రాయడంలో ఇంజనీరు నేర్పు బయటపడుతుంది.

పైగా ఈ యంత్రం నిన్న ఉన్నట్లు నేడు ఉండదు. అతివాహక లోహపు వలయాలతో చేసిన ఈ క్యూబిట్లను పరమశూన్యానికి పైన సుమారు 0.015 డిగ్రీల దగ్గర ఉంచుతారు. నక్షత్రాల నడుమ ఉన్న శూన్యాకాశం కంటె అది 180 రెట్లు చల్లన. సూక్ష్మతరంగాల స్పందనలతో వాటిని నడుపుతారు. క్యూబిట్ తన స్థితిని నిలుపుకొనేది కొన్ని వందల మైక్రోసెకన్లు మాత్రమే. పదార్థంలోని సూక్ష్మలోపాల వలన ఒక్కొక్క క్యూబిట్ గుణం రోజురోజుకు కొద్దిగా మారుతూ ఉంటుంది. అందువలన తరచుగా కొలిచి సవరించవలె. ఖాతాదారు ‘నిన్నటి జవాబు నేడు రాలేదేమి?’ అని అడిగినప్పుడు, మార్పు లెక్కలో వచ్చినదా, యంత్రంలో వచ్చినదా, లేక కేవలం సంభావ్యత చలనమా అని తేల్చవలె. శివారు రైతు మొర విన్న ఓవర్సీరుకు కూడా మూడు చోట్లే వెదకవలసి వచ్చినది. సగం సగం సంభావ్యత గల జవాబును 100 సార్లు కొలిస్తే నూటికి 5 వంతులు అటూ ఇటూ అవడం సహజం. 10,000 సార్లు కొలిస్తే ఆ ఊగిసలాట నూటికి అర వంతుకు తగ్గుతుంది. ఈ మాత్రం గణాంకశాస్త్రం చేతిలో లేనివాడు ఖాతాదారు ముందు నిలబడలేడు.

2016 మే నెలలో ఐ.బి.ఎం. సంస్థ 5 క్యూబిట్ల యంత్రాన్ని ఇంటర్నెట్ ద్వారా ఎవరైనా వాడుకొనేటట్లు తెరిచినది. మరుసటి ఏడు కిస్కిట్ అనే ప్రోగ్రాము సామగ్రిని వెలువరించినది. దీనితో పనిముట్ల సంచి మోసే కస్టమర్ ఇంజనీరు, పెన్సిలు పట్టే సిస్టమ్స్ ఇంజనీరు పూర్తిగా విడిపోయినారు. మొదటివాడు శీతలయంత్రం దగ్గర, తయారీదారు గదిలోనే ఉన్నాడు. రెండవవాడు మాత్రం ఖాతాదారులున్న ప్రతి దేశానికీ పోయినాడు.

ఈ రెండవవానికి అతిశయోక్తులతో కూడా పోరాటమే. డి-వేవ్ వారి 503 క్యూబిట్ల యంత్రాన్ని పరీక్షించిన శాస్త్రజ్ఞులు, సాధారణ యంత్రం కంటె వేగలాభం ఉన్నదనడానికి ఆధారం కనబడలేదని 2014లో ప్రకటించినారు. 2019లో గూగుల్ సంస్థ తన 53 క్యూబిట్ల సికమోర్ యంత్రం 200 సెకన్లలో చేసిన పనికి అత్యుత్తమ సూపర్ కంప్యూటరుకు 10,000 ఏళ్లు పడుతుందన్నది. రెండున్నర రోజులు చాలునని ఐ.బి.ఎం. వారు బదులు చెప్పినారు. పత్రికలో మొదటి వార్త చదివి వచ్చే ఖాతాదారుకు రెండవ వార్త కూడా వినిపించవలసిన భారం ఇంజనీరుదే.

2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించినది. 2025 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐ.బి.ఎం., టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఎల్ అండ్ టి సంస్థలతో కలిసి అమరావతిలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసరు గల క్వాంటం సిస్టమ్ టూ యంత్రాన్ని నెలకొల్పే ఏర్పాటు ప్రకటించినది. అందులో యంత్రం ఐ.బి.ఎం. వారిది. ఇక్కడి పరిశ్రమలకు పనికివచ్చే గణనపద్ధతులను, ప్రయోగాలను రూపొందించడంలో తోడ్పడేది టాటా సంస్థ.

పాత సంగతి ఒకటి ఇక్కడ కలుస్తున్నది. 1978లో ఐ.బి.ఎం. వదలిపోయిన యంత్రాలను సాకిన సి.ఎం.సి.లో ప్రభుత్వపు వాటాను 2001లో టాటాలు కొన్నారు. 2015లో ఆ సంస్థ టాటా కన్సల్టెన్సీలో విలీనమైనది. అనగా ఆనాడు వెళ్లిపోయినవారు, ఆనాడు బాధ్యత ఎత్తుకొన్నవారు అర్ధశతాబ్దం తరువాత ఒకే ఒడంబడికలో కనబడుతున్నారు. అయితే ఒక భేదం ఉన్నది. సి.ఎం.సి. ఇంజనీరు తన చేతికి వచ్చిన 1401 మూత తీసి, లోపల ఏమున్నదో చూచి నేర్చుకొన్నాడు. క్వాంటం యంత్రపు మూత అంత సులభంగా తెరిచేది కాదు. తెరిచే ముందు దానిని గది వేడికి రానివ్వవలె. మూసిన తరువాత మళ్లీ చల్లబడడానికి రోజులు పడుతుంది. ఆ మూత తెరిచే నేర్పు తెలుగు కళాశాలల నుండి వచ్చే ఇంజనీర్లకు ఎంతవరకు అందుతుందన్నది యంత్రం ఖరీదులో చేరే విషయం కాదు. ఒడంబడికలో వేరుగా అడిగి వ్రాయించుకొనవలసినది.